మాయ లెక్క

కొత్త బ్యాచ్ వచ్చిందంటే
మాంసం కొట్టు మస్తాన్‌కి ముందే తెలుస్తుంది.
"ఈసారి ఎన్ని గుండెలు మేడమ్?"
నాలుగు. కొవ్వు తీయకు. నాళాలు తెగనివ్వకు.
కైమా కోసం నిలబడ్డ పెద్దాయన
నన్ను కాస్త దూరం జరిగి చూస్తాడు.

స్టీలు క్యారేజీలో నాలుగు గుండెలు,
ఒళ్ళో క్యారేజీ,
అరండల్‌పేటలో ఆటో ముందు మిర్చి లారీ.
డ్రైవరు తుమ్మాడు, నేను తుమ్మాను,
పక్క స్కూటరు మీది పాప తుమ్మింది.
పాఠం అక్కడే మొదలైపోతుంది నాకు.
తుమ్ము కాపలా. కన్నీరు కాపలా.
జ్వరం కూడా కాపలాయే, కాకపోతే
ఒక్కోసారి ఇంటినే తగలబెడుతుంది.

నలభై రెండు మంది. గంజి పెట్టిన యూనిఫాంలు.
పుస్తకం ఇంగ్లీషులో,
అంచుల్లో పెన్సిలు తెలుగు.
మూలన వేలాడే అస్థిపంజరానికి
ఎవరో ఎప్పుడో పెట్టిన పేరు బావగారు.
బావగారికి ఎడమచేతి వేళ్ళు రెండు లేవు.
ఏ బ్యాచ్ పోగొట్టిందో ఏ బ్యాచూ ఒప్పుకోదు.

రక్తహీనత చెప్పే రోజు
బోర్డు జోలికి పోను.
"పక్కమ్మాయి కింది రెప్ప లాగి చూడండి."
నవ్వులు, గాజుల చప్పుడు,
తర్వాత మెల్లగా నిశ్శబ్దం.
రోగి ఎక్కడో వార్డులో ఉంటుందనుకున్నారు కదా.
ఫిరంగిపురం రాహేలు రెప్ప లోపల
రాయని కాగితం.
పోయిన వేసవంతా కోల్డ్ స్టోరేజీలో
మిరపకాయలకు ముచ్చికలు తీసిందట, ఫీజు కోసం.
వంద బిళ్ళలిచ్చాను.
"విరేచనం నల్లగా వస్తుంది, భయపడకు" అంటే
భయపడేంత తీరిక లేనట్టు తలూపింది.

"మాయ అంటే ఏంటి?"
శ్రీవల్లి లేచింది, వాళ్ళ తాత పురాణం చెబుతారట.
"లేనిది ఉన్నట్టు కనపడటం మేడమ్."
అది మీ తాతగారి మాయ తల్లీ.
ఇది అరకిలో తూగుతుంది.

ట్రేలో పరిచాను.
ఇటువైపు బిడ్డది: నున్నగా, నీలంగా,
బొడ్డుతాడు దగ్గర నుంచి కాలువల పంపకం.
అటువైపు తల్లిది: పచ్చిగా, ముద్దలు ముద్దలుగా.
రెండు రక్తాలు తొమ్మిది నెలలు
గట్టుకి చెరోపక్కా పారతాయి,
ఇచ్చిపుచ్చుకుంటాయి, కలిసిపోవు.
ఇప్పుడు ముద్దలు లెక్కపెట్టండి.
అంచుకి అంచు కలిపి చూడండి.
ఒక్కటి తక్కువైతే అది లోపలే ఉన్నట్టు.
సంచి ముడుచుకోదు. రక్తం నిలవదు.

ఇంతవరకే చెబుతాను.
నాకొక పిన్ని ఉండేదని,
ఆమె మంచం కింద ఇసుక పోశారని,
ఇసుక చాలక మళ్ళీ తెచ్చారని
సిలబస్‌లో లేదు.

రెండో ఏడాది, ముసురు పట్టిన రాత్రి,
రెండూ పదికి ఫోను.
"మేడమ్, నేను రాహేలుని. లేబర్ రూమ్.
ఒకటి తక్కువుంది."
మళ్ళీ చూడు.
"మూడుసార్లు చూశా. డాక్టరుగారు
అంతా వచ్చేసింది, కడిగెయ్ అంటున్నారు."
నువ్వేమంటున్నావు?
అవతల కుళాయి శబ్దం,
ఎవరివో చెప్పులు, పసిబిడ్డ ఏడుపు.
"...తక్కువే మేడమ్."
అయితే ట్రే కడగకు. గట్టిగా చెప్పు.
ఇంకో మాట అనేలోపు ఫోను పెట్టేసింది.

తెల్లారేదాకా నేను చేసిన పని:
టీ పెట్టుకోవడం, తాగకపోవడం.

తొమ్మిదికి హాజరు పట్టీ తెరిచాను.
నైట్ డ్యూటీ వాళ్ళు రానక్కర్లేదు, అయినా
చివరి బెంచీలో ఉంది,
తడిసిన జడ, మోచేతి దగ్గర
ఉతికినా పోని మరక.
పేర్లు పిలుస్తూ పిలుస్తూ
ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాను.

"ప్రెజెంట్ మేడమ్."

గొంతు బొంగురుపోయి ఉంది.
ఊళ్ళోకి మిర్చి దిగే కాలం కాదిది.